చిన్న ఫోను – ఇంటికి రెండవ గుమ్మం



ఈ నెల ఈ పేజీలో పిల్లల పెంపకం గురించి గాని, అత్తాకోడళ్ల సంగతి గాని వ్రాయడం లేదు. మీరు కొంగున ముడివేసుకొని, చొక్కా జేబులో వేసుకొని, కొబ్బరి తోటకూ, చేనుకూ, మందిరానికీ వెంట తీసుకొని వెళ్లే బటన్ ఫోను గురించి వ్రాస్తున్నాను. పాస్టరు గారికి ఫోనుతో ఏమి పని అని అనుకోకండి. ఒక కుటుంబపు కన్నీళ్లు చూసిన తరువాత వ్రాస్తున్న మాటలివి. ఆ కన్నీళ్లలో నా తప్పు కూడా కొంత ఉన్నది.

మా రాయవరం సంఘంలో ఒక మామ్మగారు ఉన్నారు. భర్త లేరు. ఒక్కతే కుమార్తె. మన కోనసీమ ఊళ్ల నుండి వెళ్లిన అనేకమంది ఆడబిడ్డలవలెనే ఆమె కూడా కువైటులో ఒక ఇంట పని చేస్తున్నది. రెండేళ్ల క్రితం మామ్మగారు కొత్త ఫోను కొనుక్కొని, ఆరాధన అయిన తరువాత నా దగ్గరకు తెచ్చారు. "అయ్యగారూ, ఇది ఎలా నొక్కాలో కాస్త చెప్పండి" అన్నారు. నాకు తొందర. వేరొక ఇంట ప్రార్థనకు వెళ్లాలి. "పచ్చ బటన్ నొక్కితే మాట వస్తుంది, ఎర్ర బటన్ నొక్కితే ఆగిపోతుంది మామ్మగారూ" అని చెప్పి, కుమార్తె నంబరు ఎక్కించి, అయిదు నిమిషాలలో పంపివేశాను. ఏటీఎం కార్డు పిన్ను మరచిపోతున్నానంటే, దానిని చీటీ మీద వ్రాసి ఫోను కవరులో పెట్టింది కూడా నేనే. ఆ చీటీ దొంగ చేతిలో పడకపోవడం నా అదృష్టమే గాని నా తెలివి కాదు.

గత వేసవిలో ఒక సోమవారం ఆమెకు ఫోను వచ్చింది. "బ్యాంకు నుండి మాట్లాడుతున్నాం. మీ కార్డు సాయంత్రానికి ఆగిపోతుంది. మీ అమ్మాయి పంపే డబ్బు వెనక్కి పోతుంది" అన్నారట. మంచి తెలుగు, మంచి మర్యాద. కార్డు మీది నంబరు చదవమన్నారు, చదివారు. వెనుక ఉన్న మూడు అంకెలు అడిగారు, చెప్పారు. "ఇప్పుడు మీ ఫోనుకు ఒక నంబరు వస్తుంది, అది చెప్పండి" అన్నారు. "ఆయ్, చెప్పానండి, రెండుసార్లు చెప్పాను" అని తరువాత నాతో అన్నారు. రెండుసార్లకు కలిపి నలభై రెండు వేలు పోయాయి.

మరునాడు బ్యాంకులో సంగతి తెలిసింది. ఆమె ఎవరికీ చెప్పలేదు. ఇంటికి వచ్చి ఫోను ఆపుచేసి బియ్యం డబ్బాలో దాచారు. శుక్రవారం కువైటులో సెలవు. కుమార్తె ఫోను చేసింది, పలకలేదు. శనివారం చేసింది, పలకలేదు. శనివారం రాత్రి నాకు చేసి అడిగిన మాట ఇది: "అయ్యగారూ, మా అమ్మ బ్రతికే ఉందా?"

ప్రియులారా, పోయిన డబ్బుకంటె ఆ ప్రశ్నే నన్ను ఎక్కువ బాధించింది. నేను ఆ తల్లి చేతికి ఒక గుమ్మం ఇచ్చాను. దానికి గడియ ఎలా వేయాలో చూపించలేదు.

ఇది లేని రోజులు

ఫోనే వద్దు అని చెప్పడానికి నేను ఇది వ్రాయడం లేదు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను కొట్టిన తుపాను మన పెద్దలకు జ్ఞాపకమే. వెయ్యి మందికి పైగా చనిపోయారు. లక్షల కొబ్బరి చెట్లు పడిపోయాయి. నేను అప్పుడు హైస్కూలు పిల్లవాడిని. పని మీద వేరే ఊరు వెళ్లిన మా నాన్నగారు బ్రతికి ఉన్నారో లేదో మాకు మూడు రోజులు తెలియలేదు. స్తంభాలు కూలి, ఊరిలో ఉన్న ఒక్క టెలిఫోనూ మూగబోయింది. మా అమ్మ వీధి అరుగు మీదనే కూర్చుండిపోయింది.

అప్పటికి మన దేశానికి మొబైలు వచ్చి ఏడాదే. 1995 జూలై 31న బెంగాలు ముఖ్యమంత్రి జ్యోతి బసు కలకత్తా నుండి ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడినది మొదటి మాట. ఆ రోజులలో వచ్చిన ఫోను ఎత్తినా డబ్బు కట్టవలసిందే. 2003లో వచ్చే ఫోనుకు రుసుము పోయింది. ఆ సంవత్సరమే టార్చిలైటు ఉన్న నోకియా 1100 వచ్చింది. అక్కడి నుండి పల్లెటూరి చేతికి కూడా ఫోను అందింది.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నర్సాపురం దగ్గర తీరం దాటినప్పుడు, కువైటు నుండి, దుబాయి నుండి, మస్కటు నుండి పిల్లలు తలిదండ్రులను పలకరించగలిగారు. నాడు మా అమ్మకు లేని ఆదరణ అది. గనుక ఫోను మంచిదే. దానిని ఎలా సిద్ధం చేసుకోవాలో, ఎలా కాపాడుకోవాలో చూద్దాం.

కొనేటప్పుడు, మొదటి రోజున

మొదట సిమ్ముకు తగిన ఫోను కొనండి. అన్ని బటన్ ఫోన్లూ ఒకటి కావు. పాత 2జీ ఫోనులో జియో సిమ్ము పనిచేయదు, దానికి 4జీ బటన్ ఫోనే కావాలి. అంగట్లోనే మీ సిమ్ము వేయించి, ఒకసారి మాట్లాడి చూసి డబ్బు ఇవ్వండి. బిల్లు తప్పక అడగండి.

సిమ్ము మీ పేరుననే, మీ ఎదుటనే తీసుకోండి. వేలిముద్ర ఒకసారి పడలేదని మరల మరల వేయమంటే, ఎందుకని అడగండి. మీ పేరున ఎవరో మరొక సిమ్ము తీసుకుంటే, దానితో జరిగిన మోసానికి పోలీసులు ముందు మీ గుమ్మానికే వస్తారు. మీ పేరున ఎన్ని నంబర్లు ఉన్నాయో 2023లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన సంచార్ సాథీలో చూసుకోవచ్చు. ఇంట్లో నమ్మకమైన బిడ్డ పెద్ద ఫోనులో అది చూసి పెట్టగలదు.

సిమ్ము వేసేటప్పుడు ఫోను ఆపి, బ్యాటరీ తీసి, బంగారు రంగు వైపు క్రిందికి ఉండేలా, కత్తిరించిన మూల గుర్తుకు సరిపోయేలా జరపండి. బలవంతంగా త్రోయకండి. బ్యాటరీ పెట్టి, ముందు నిండుగా ఛార్జింగు పెట్టండి. తరువాత సెట్టింగులలో భాష తెలుగు చేయండి. తేదీ, గడియారం సరిచేయండి. అక్షరాలు పెద్దవి చేసే వీలుంటే చేయండి.

ఇక నంబర్లు. ఈ పని తొందరపడకుండా చేయాలి. పిల్లలు, తోబుట్టువులు, ఇరుగు పొరుగు, బ్యాంకు శాఖ, డాక్టరు – వీరి నంబర్లు పేర్లతో ఎక్కించండి. గల్ఫులో ఉన్న బిడ్డ నంబరు దేశపు సంఖ్యతో సహా ఎక్కించాలి. కువైటు +965, దుబాయి +971, మస్కటు +968, ఖతరు +974, సౌదీ +966. ఈ సంఖ్య తెలిసి ఉండడం మరొక విధంగా కూడా మేలు. మనకు బంధువులెవరూ లేని దేశపు సంఖ్యతో ఒక్క రింగు వచ్చి ఆగిపోతే, తిరిగి చేయకండి. చేస్తే బాలెన్సు పోయేది మనకే.

చదువురాని వారికి 2 మీద కుమారుడు, 3 మీద కుమార్తె వచ్చేలా పెట్టి, ఆ అంకెను కాసేపు అదిమి పట్టడం నేర్పండి. మీరు చేసి చూపించి ఊరుకోకండి. వారి చేత మూడుసార్లు చేయించండి. బటన్లు వాటంతట అవే నొక్కుకోకుండా కీప్యాడుకు తాళం వేయడం కూడా నేర్పండి.

సిమ్ముకు కూడా పిన్ను పెట్టుకోవచ్చు. పెడితే మాత్రం జ్ఞాపకం ఉంచుకోవాలి. మూడుసార్లు తప్పు నొక్కితే సిమ్ము ఆగి, కంపెనీ ఇచ్చే పక్ అనే నంబరు అడుగుతుంది. దానిని పదిసార్లు తప్పు నొక్కితే ఆ సిమ్ము ఇక పనికిరాదు.

చివరిగా *#06# నొక్కండి. పదిహేను అంకెల సంఖ్య కనబడుతుంది. రెండు సిమ్ముల ఫోనైతే రెండు సంఖ్యలు వస్తాయి. దానిని కుటుంబ బైబిలు అట్ట లోపల, పిల్లల పుట్టిన తేదీలు వ్రాసుకునే చోట వ్రాసి ఉంచండి. ఫోను పోయిన రోజున పోలీసు ఫిర్యాదుకూ, సంచార్ సాథీ ద్వారా ఆ ఫోను పనిచేయకుండా ఆపించడానికీ ఆ సంఖ్యే కావాలి. వెంటనే పాత సిమ్మును ఆపించి, అదే నంబరుతో కొత్త సిమ్ము తీసుకోవాలి.

నంబరును బ్రతికించుకోండి

ఈ సంగతి చాలామందికి తెలియదు. మీ బ్యాంకు ఖాతా, ఆధారు, గ్యాసు అన్నీ ఆ నంబరుకే ముడిపడి ఉంటాయి. వరుసగా 90 రోజులు ఆ నంబరు వాడకపోతే కంపెనీ దానిని తీసివేయవచ్చు. బాలెన్సులో కనీసం 20 రూపాయలుంటే, దానిని మినహాయించుకొని మరి 30 రోజులు నిలుపవలెనని నియమం. తీసివేసిన నంబరును కొంతకాలానికి వేరొకరికి ఇస్తారు. అప్పుడు మీ బ్యాంకు సందేశాలు ఆ కొత్త మనిషికి వెళ్తాయి. గనుక నంబరు మారితే, ముందు బ్యాంకుకు వెళ్లి మార్పించండి.

బటన్ ఫోనుకు నెట్టు రీఛార్జి ఎందుకని కొందరు నన్ను అడిగారు. న్యాయమైన ప్రశ్నే. 2024 డిసెంబరులో ట్రాయ్ సంస్థ, మాటలకూ మెసేజీలకూ మాత్రమే పనికివచ్చే రీఛార్జి కూడా కంపెనీలు ఉంచాలని నియమం చేసింది. అంగట్లో ఆ మాట చెప్పి అడగండి.

గుమ్మానికి గడియ

ఇప్పుడు ముఖ్యమైన సంగతి. దొంగ ఏ కథ చెప్పినా, అతని చేతిలో ఉన్న ఆయుధం ఒక్కటే – తొందర. కార్డు సాయంత్రానికి ఆగిపోతుంది. పింఛను ఈ నెలతో సరి. మీ అబ్బాయి పోలీసు స్టేషనులో ఉన్నాడు. మీ అమ్మాయి పంపిన పార్సిలు కస్టమ్సులో పట్టుబడింది. ప్రతి కథలోనూ ఆలోచించుకోవడానికి సమయం ఇవ్వరు, ఎవరికీ చెప్పవద్దంటారు.

గనుక గడియ ఇది: ఫోను పెట్టేయండి. తరువాత మీరు ముందే ఎక్కించుకున్న నంబరుకు మీరే చేయండి. బ్యాంకు అంటే బ్యాంకుకు, కొడుకు అంటే కొడుకుకు. వచ్చిన నంబరుకు కాదు, మీ దగ్గర ఉన్న నంబరుకు. ఈ ఒక్క మాట గుర్తుంటే చాలు, ఏ కొత్త మోసం వచ్చినా ఇది పనిచేస్తుంది.

మన పల్లెవారికి ఇది కష్టం. ఎదుటివారు మాట్లాడుతుండగా పెట్టేయడం అమర్యాద అనుకుంటాం. ఇంటికి వచ్చినవారికి మంచినీళ్లు ఇచ్చే అలవాటు మనది. అయితే అర్ధరాత్రి తలుపు తట్టిన ప్రతివారికీ గడియ తీస్తామా? కిటికీలో నుండి ఎవరని అడుగుతాం గదా. "మా అమ్మాయినడిగి చెబుతాను" అని ఎర్ర బటన్ నొక్కడం అమర్యాద కాదు, తెలివి.

గొంతు గుర్తుపట్టాను అనుకోవద్దు. ఈనాడు యంత్రం మీ కొడుకు గొంతును కూడా అనుకరించగలదు. కన్నులు మందగించిన ఇస్సాకు సంగతి మీకు తెలుసు. స్వరం వినగానే అతనికి అనుమానం వచ్చింది. అయినా చేతులు తడిమి, కథ విని నమ్మాడు. ఏశావు వచ్చేవరకు ఆగి ఉంటే ఆ ఇంట అంత దుఃఖం జరిగేది కాదు. అనుమానం రావడం చాలదు, ఆగడం కూడా కావాలి. ప్రతి కుటుంబం ఒక ఇంటి మాట పెట్టుకోవడం మంచిది. మన పాత ఆవు పేరేమిటి, నాయనమ్మ నిన్ను ఏమని పిలిచేది – ఇలాంటివి. ఆపద అని ఎవరు చేసినా ముందు ఆ మాట అడగండి.

ఇక ఈ నాలుగు సంగతులు ఇంటిలో అందరికీ చదివి వినిపించండి.

ఒకటి. ఫోనుకు వచ్చే ఓటీపీ మీ ఇంటి తాళంచెవి. బ్యాంకువారైనా, పోలీసులైనా దానిని ఫోనులో అడగరు. కార్డు నంబరు, వెనుక ఉన్న మూడు అంకెలు, పిన్ను కూడా అంతే.

రెండు. బటన్ ఫోనుతో కూడా డబ్బు పంపవచ్చు. దానికోసం *99# ఉన్నది, 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు ప్రారంభించిన యూపీఐ 123పే ఉన్నది. అయితే పిన్ను కావలసింది డబ్బు పంపడానికే. డబ్బు రావడానికి పిన్ను అక్కరలేదు. మీకు డబ్బు వేస్తాం, పిన్ను నొక్కండి అంటే అది మోసమే. పొరపాటున మీ ఖాతాలో డబ్బు పడిందని మెసేజి వచ్చినా, పాసుబుక్కులో చూసుకోకుండా పైసా తిరిగి పంపవద్దు.

మూడు. ఫోనులో అరెస్టు అనేది మన చట్టంలో లేదు. 2024 అక్టోబరులో ప్రధానమంత్రి కూడా రేడియోలో ఈ మోసం గురించి దేశాన్ని హెచ్చరించారు. ఇంటిలో నుండి కదలవద్దు, ఫోను పెట్టవద్దు అని ఎవరైనా అంటే, వెంటనే పెట్టేసి పొరుగువారిని పిలవండి.

నాలుగు. స్టారు 401 తో మొదలయ్యే నంబరు నొక్కమంటే నొక్కకండి. మీకు వచ్చే ఫోన్లు వేరొకరికి మళ్లించే ఎత్తు అది.

నా విషయంలో కూడా ఇదే నియమం. నేను ఫోనులో ఎవరినీ డబ్బు అడగను. నా పేరు చెప్పి, అనాథల కొరకనో, మందిరం కొరకనో ఎవరైనా అడిగితే పెట్టేయండి. నేను బాధపడను, సంతోషిస్తాను.

ఫోనునూ ఒంటినీ కాపాడుకోవడం

ఛార్జింగులో ఉండగా మాట్లాడవద్దు. దిండు క్రింద పెట్టి ఛార్జింగు చేయవద్దు. 2007లో నోకియా కంపెనీయే ఒక రకం బ్యాటరీలు ఛార్జింగులో వేడెక్కుతున్నాయని చెప్పి, 4 కోట్ల 60 లక్షల బ్యాటరీల విషయంలో మార్చి ఇస్తామన్నది. పెద్ద కంపెనీ బ్యాటరీకే ఆ మాట వస్తే, పేరులేని చవక బ్యాటరీ సంగతి చెప్పాలా? ఉబ్బిన బ్యాటరీని ఆ రోజే తీసివేయండి. కాలువలో పడిన ఫోనును వెంటనే ఆన్ చేయకుండా, బ్యాటరీ తీసి బాగా ఆరనివ్వండి.

చేతిలో ఫోను ఉంటే పిడుగు పడుతుందని కొందరు భయపడతారు. చేతి ఫోను పిడుగును ఆకర్షించదు. ఉరుములప్పుడు బయలు పొలంలో, ఒంటరి చెట్టు క్రింద నిలబడడమే ప్రమాదం. అయితే కరెంటు తీగకు తగిలించిన ఫోనును ఆ సమయంలో పట్టుకోకండి. తుపాను హెచ్చరిక రాగానే ఫోను నిండుగా ఛార్జింగు పెట్టుకోండి. ఏ ఆపదకైనా 112, అంబులెన్సుకు 108.

మోసపోతే దాచవద్దు

మోసపోయామని తెలిసిన నిమిషంలోనే 1930కి ఫోను చేయండి. బటన్ ఫోను నుండి కూడా చేయవచ్చు. ఆ ఫిర్యాదు బ్యాంకులకు వెళ్లి, దొంగ ఇంకా తీసుకోని డబ్బును ఆపించే వీలున్నది. తరువాత బ్యాంకుకు చెప్పి కార్డు ఆపించండి. బ్యాంకుకు తెలియజేసిన తరువాత జరిగే నష్టం బ్యాంకుదే అని 2017లో రిజర్వు బ్యాంకు నియమం చేసింది. గనుక ఆలస్యమైన ప్రతి గంటా మనకే నష్టం.

ఆదివారం ఆరాధన కాగానే నేను మామ్మగారి ఇంటికి వెళ్లాను. అప్పటికి ఆరు రోజులు గడిచాయి. 1930కి చేశాం, ఫిర్యాదు వ్రాయించాం. డబ్బు రాలేదు. మొదటి గంటలో చేసి ఉంటే వచ్చేదేమో. ఆమె ఎందుకు చేయలేదు? "మీరు నవ్వుతారని, అమ్మాయి తిడుతుందని" అన్నారు. ప్రియులారా, ఇది మనం వినవలసిన మాట. ఇంటిలో పెద్దవారు గ్లాసు పగులగొట్టినా విసుక్కునే పిల్లలకు, పెద్దవారు మోసపోయిన సంగతి ఎలా చెబుతారు? దొంగ సగం డబ్బు తన నేర్పుతో తీసుకుంటే, మిగిలిన సగం మన సిగ్గువల్ల తీసుకుంటాడు.

బియ్యం డబ్బాలో నుండి ఫోను తీసి, ఆన్ చేసి, నా ఎదుటనే కుమార్తెకు చేయించాను. చాలాసేపు అటు ఏడ్పు, ఇటు ఏడ్పు. చివరికి ఆ అమ్మాయి అన్నది: "డబ్బు మళ్లీ సంపాదించుకుంటానమ్మా. నువ్వు ఫోను ఎత్తడం మాత్రం మానకు."

ఆ సాయంత్రం నేను మామ్మగారి దగ్గర అయిదు నిమిషాలు కాదు, రెండు గంటలు కూర్చున్నాను. చీటీ చింపివేశాం. కార్డు ఉన్న ఖాతాలో నెల ఖర్చుకు సరిపడా ఉంచి, మిగిలినది డిపాజిట్టు చేయించాం. పోయిన నెల మరల ఎవరో "బ్యాంకు నుండి" అన్నారట. "మా అమ్మాయినడిగి చెబుతానండి" అని పెట్టేశారట. ఆ సంగతి చెబుతూ ఆమె నవ్విన నవ్వు చూసి నాకు కొంత భారం తగ్గింది.

పిల్లలారా, ఈ వారం మీ అమ్మ దగ్గర, నాన్న దగ్గర ఒక గంట కూర్చోండి. ఫోను మీరు నొక్కకండి, వారి చేత నొక్కించండి. "ఎప్పుడైనా పొరపాటు జరిగితే ముందు నాకు చెప్పండి, నేను కోపపడను" అని నోరారా చెప్పండి. ఎవరూ దగ్గర లేనివారు వచ్చే ఆదివారం ఆరాధన తరువాత ఫోను తీసుకొని మందిరపు వరండాకు రండి. ఏటీఎం కార్డు ఇంటి దగ్గరే ఉంచి రండి. ఈసారి నాకు తొందర లేదు.